గంజి తీసిన గొంగళి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆ ఏడు కార్తీకంలో మా ఓబులేసు నలభై రోజుల సెలవు మీద ఊరికి వచ్చాడు. ఓబులేసు నా చెల్లెలి కొడుకు. వాడికి నాలుగేళ్లప్పుడు నా చెల్లెలు పోయింది. అప్పటి నుంచి నా దగ్గరే పెరిగాడు. మిలిటరీలో చేరి అప్పటికి ఆరేళ్లు.

వచ్చిన రెండో రోజు అరుగు మీద కూర్చుని, సెలవు తర్వాత తాను పోవలసిన చోటు చెప్పాడు. కాశ్మీరంలో, మంచు కొండల మీద, మూడు నెలల చదువు. రెండు పొడుగాటి చెక్క పలకలు కాళ్లకు కట్టుకొని మంచు మీద జారడం నేర్పుతారట. ఆ పలకలను స్కీలు అంటారట.

"జారి పడేదానికి చదువెందుకప్పా?" అంది ఎదురింటి సోమక్క. "వానల్లో మా దొడ్లోకి రా. మూడు నెలలు అక్కర్లేదు, మూడు అడుగుల్లో నేర్పిస్తా."

"పడకుండా జారాల అత్తా. కొండ మీద నుంచి కిందికి, గుర్రం కన్నా జోరుగా."

"మళ్లా పైకి ఎవరు లాగుతారు?"

"ఎవరు లాగుతారు? మనమే ఎక్కాల. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు చలి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే. కానీ అంతకు ముందే, వాడు కాళ్లు కడుక్కుంటుంటే, ఎడమ పాదం చివరి రెండు వేళ్లు చూశాను. గోళ్లు లేవు. చర్మం కొత్తగా, చింతచిగురు రంగులో ఉంది.

అడిగితే మొదట "బూటు కరిచింది" అన్నాడు. మూడు రోజులు వదలకుండా అడిగితే అసలు మాట చెప్పాడు. పోయిన చలికాలం ఎత్తైన చోట కాపలా కాసేటప్పుడు చలి పట్టిందట. వేళ్లు మొదట తెల్లబడి, కట్టెల్లా తయారై, గిల్లినా తెలియలేదట. తర్వాత బొబ్బలు లేచి, తోలు నల్లబడి ఊడింది. డాక్టరు ఎట్లాగో వేళ్లు నిలబెట్టాడు. అయితే ఒక మాట చెప్పాడట. ఒకసారి చలి తగిలిన కాలికి రెండోసారి తొందరగా తగులుతుంది, అప్పుడు వేళ్లు తీసేయవలసి వస్తుంది అని.

"అట్లయితే పోవద్దు," అన్నాను.

"మా పటాలంలో ఇద్దరికే వచ్చింది పెద్దమ్మా పిలుపు. నేను పోనంటే ఎనక ఇరవై మంది కాచుకోని ఉండారు. పోతా. కాలు కాపాడుకుంటా."

వాడికి పోవాలని ఉంది. ఆ మాట చెబుతున్నప్పుడు వాడి మొహం చూస్తే ఇంక వద్దనబుద్ధి కాలేదు. వాడి కాలికి ఏం తొడగాలో చూడడం ఒకటే నాకు మిగిలింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో మా ఆయన రంగన్న కంచరగాడిదలు తోలే పనికి సముద్రం దాటి బస్రా పోయాడు. ఒకనాడు ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నాకు చదువు రాదు. చదివిపెట్టే అయ్యవారు పెళ్లికని వేంపల్లె పోయాడు. ఉత్తరం పదకొండు రోజులు గూట్లో ఉంది. అయ్యవారు వచ్చి చదివితే అందులో ఉన్నది ఒకటే ముఖ్యమైన మాట: ఇక్కడ తెల్లవారుజామున కాళ్లు కొరుకుతున్నాయి, చుట్టుకోను ఉన్ని గుడ్డ పంపు. ఆ పొద్దే పంపాను. రెండు నెలలకు ఆ మూట విప్పకుండానే తిరిగి వచ్చింది. జ్వరంతో పోయాడని రాశారు. జ్వరానికీ కాలి గుడ్డకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ పదకొండు రోజులు నాకు లెక్కే. ఆ ఏడే పలక కొనుక్కొని, పక్కింటి పిల్లలు దిద్దేటప్పుడు చూసి అక్షరాలు దిద్దుకున్నాను.

ఓబులేసుకు ఏం తొడగాలన్న దానికి నాకు వెంటనే తట్టింది గొంగళి. మా ప్రాంతంలో చలికైనా వానకైనా గొర్రెల కాపరి కప్పుకునేది అదే కదా. ఓర్వకల్లు రాళ్ల గుట్టల పక్కన కురువ ఉరుకుందు ఇల్లు. చుట్టుపక్కల పది ఊళ్లకు అతని గొంగళే గొంగళి. పోయి, లాగు కుట్టించుకోను మందంగా గుడ్డ నేసి పెట్టమన్నాను.

ఉరుకుందు మగ్గం గుంటలో నుంచి తల పైకెత్తి చూశాడు.

"కాళ్లకు గొంగళా? గొర్రెకే కాళ్లకు బొచ్చుండదమ్మా. దేవునికి తెలీదా యాడ పెట్టాల్నో?"

"ఆ గొర్రె మంచులో జారదు. నువ్వు నెయ్యి."

"నేస్తాలే. ఎంత మందం?"

"నీ చేతనైనంత."

ఎనిమిది రోజుల్లో నేసిచ్చాడు. గొంగళికి చింతగింజల గంజి పెడతారు. పడుగుకు పెడితే దారం తెగదు. నేసినాక మళ్లీ పెడితే వాననీళ్లు పైనే జారిపోతాయి. నేను మంచుకని చెప్పాను కాబట్టి ఉరుకుందు మామూలు కంటే రెండింతలు పెట్టాడు. దాన్ని చంకన పెట్టుకొని, ఓబులేసును వెంటబెట్టుకొని, కర్నూలులో దర్జీ జ్ఞానరాజు దగ్గరకు పోయాను. ఉన్ని గుచ్చుకుంటుందని లోపల రెండు పొరలు మెత్తటి నూలు గుడ్డ వేయమన్నాను. అది నా సొంత ఆలోచన. జ్ఞానరాజు కుడుతుండగా రెండు సూదులు విరిగాయి. "ఇది గుడ్డ కాదక్కా, తడిక," అన్నాడు.

ఇంటికి తెచ్చి పడసాలలో నేల మీద పెడితే, ఆ లాగు దానంతట అదే నిలబడింది.

సోమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "వదినా, ఓబులేసు యాడికన్నా పోనీ, కాళ్లు మాత్రం ఈడనే ఉంటాయి!"

ఆ మాట నాకు గుండెల్లో కలుక్కుమంది. అపశకునం మాట అని ఆమెకు తోచలేదు.

ఓబులేసు తొడుక్కొని చూశాడు. మోకాలు వంగలేదు. బావి దగ్గర దాకా నడిచి వచ్చేసరికి, మంచు కాదు కదా, మా ఊరి పొద్దుటి ఎండకే లోపల చెమటతో తడిసిపోయాడు. నా మనసు నొప్పించడం ఇష్టం లేక "బాగుండాది పెద్దమ్మా" అన్నాడు. కూర్చోవడానికి మాత్రం వీలు కాక గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పబాక. మీ చదువువాళ్లు ఏం తెచ్చుకోమన్నారు? రాసిచ్చింది ఏమన్నా ఉండాదా?" అని అడిగాను.

పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందుస్తానీ. వాడు చదువుతూ తెలుగులో చెప్పాడు. నేను పాత పంచాంగం అట్ట లోపలి వైపు రాసుకున్నాను. కాలికి ఒకే మందపాటిది కాకుండా మూడు పొరలు ఉండాలి. ఒంటికి తగిలేది పల్చన, చెమటను పట్టి ఉంచనిది. దాని మీద వెచ్చనిది. అన్నిటికన్నా పైన గాలి దూరనిది. పై రెండూ వాళ్లే ఇస్తారు. లోపలిది ఎవరికి వారు తెచ్చుకోవచ్చు. మోకాలు పూర్తిగా వంగాలి. ఏదీ బిగుతు ఉండకూడదు, బిగిస్తే నెత్తురు పాదానికి దిగదు. ఒంటికి నూలు వద్దు.

చివరి మాట దగ్గర నేను ఆగాను.

"నూలు ఎందుకొద్దు? మెత్తగా ఉంటుంది కదా."

"ఏమో. వద్దని రాసినారు."

కారణం తెలియకుండా ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఆ రోజంతా అదే ఆలోచన. సాయంత్రం కడవ కడుగుతుంటే తట్టింది. ఎండాకాలం మేము నీళ్ల కడవకు తడిగుడ్డ చుట్టి పెడతాం. గాలి తగిలే కొద్దీ లోపలి నీళ్లు చల్లబడతాయి. చుట్టేది ఎప్పుడూ నూలు గుడ్డే. కొండ ఎక్కేటప్పుడు చెమటకు తడిసిన నూలు లాగు, దిగేటప్పుడు గాలి తగిలితే, వాడి కాలికి చేసే పని అదే. నేను రెండు పొరలు చుట్టించాను.

అయినా చేసి చూడాలనిపించింది. మర్నాడు పొద్దు పొడవక ముందే రెండు చెంబుల్లో ఒకే కాగులోని వేడినీళ్లు పోశాను. ఒకదానికి తడి పాతచీర పేలిక చుట్టాను. రెండోదానికి గొర్రెపిల్లల ఉన్నితో నేసిన చిన్న ముక్క, ఎప్పుడో ఉరుకుందు పెళ్లాం ఇచ్చింది, దాన్నీ తడిపి పిండి చుట్టాను. రెండూ మిద్దె మీద గాలికి పెట్టి, పెరుగు చిలికే పని ముగించుకొని పోయి చూశాను. పేలిక చుట్టిన చెంబు చల్లగా ఉంది. ఉన్ని చుట్టినదానిలో వేలు పెడితే ఇంకా గోరువెచ్చన.

ఓబులేసును లేపి వాడి వేళ్లు కూడా ముంచి చూపించాను. వాడు కళ్లు నులుముకుంటూ, "ఈ సంగతి మా సుబేదారుకు చెప్పాల. ఆయనకు గూడా కారణం తెలీదు," అన్నాడు.

సెలవు ఇంక పదహారు రోజులే ఉంది. ఆ పొద్దే మళ్లీ ఓర్వకల్లు పోయాను. ఈసారి గొర్రెపిల్లల తొలి కత్తెర ఉన్నితో, పల్చగా, గంజి లేకుండా నేయమన్నాను.

ఉరుకుందు మగ్గం గుంటలో నుంచి లేచి బయటికే వచ్చాడు.

"గంజి లేకుండానా? అది గొంగళి ఎట్లయితుందమ్మా? గంజి లేకుంటే పడుగు పుటుక్కున తెగుతాది. ఒకేళ నేసినా, ఆ గుడ్డ చూసినోళ్లు ఉరుకుందు చింతగింజలు గూడా మిగిలించుకున్నాడంటారు. నా తాత కాడి నుంచి ఆ పేరు లేదు."

"చూసేవాళ్లెవరు? అది లోపల తొడుక్కునేది."

"నేను చూడనా?"

ఓబులేసు వేళ్ల సంగతి చెప్పాను. ఆ మాట ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, అతనికే చెప్పాను. ఉరుకుందు కదురు చేతిలోకి తీసుకొని తిప్పాడు.

"గంజి పెట్టే నేస్తా," అన్నాడు చివరికి. "నేసినాక కడిగి తీసేద్దాం. నేను పెట్టిన గంజి నేనే కడుక్కునే కాలం వచ్చింది."

ఆరు రోజులకు గుడ్డ తయారైంది. వాగులో నీళ్లు పల్చగా పారుతున్నాయి. కుంకుడు రసం కలిపి నేను కడుగుతుంటే, ఉరుకుందు ఒడ్డున నిలబడి అరుస్తూనే ఉన్నాడు. "రుద్దబాకమ్మా! ఒత్తు, ఒత్తి వదులు. ఏడినీళ్లు తగలనీబాక, పసిపిల్లోని చొక్కా అయిపోతాది!" చివరికి ఓపిక పట్టలేక పంచె ఎగగట్టి తానే నీళ్లలోకి దిగాడు. నాలుగుసార్లు తెల్లటి గంజినీళ్లు పోయాయి. ఐదోసారి తేట నీళ్లు వచ్చాయి. గుడ్డ ఎత్తితే చేతిలో నిలవకుండా జారింది. అతను దాన్ని చెంపకు ఆనించుకొని చూశాడు. బాగుందని అనలేదు. "ఎవరికీ చెప్పబాక," అన్నాడు.

జ్ఞానరాజు మోకాలి దగ్గర ఒక ముక్క అదనంగా వేసి, వదులుగా కుట్టిచ్చాడు. ఈసారి సూదులు విరగలేదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఓబులేసుకు తొడిగించి చూశాను. కూర్చున్నాడు, లేచాడు, గొంతుక్కూర్చున్నాడు, సోమక్కను వెక్కిరించడానికి వాకిట్లో రెండు గెంతులు కూడా గెంతాడు. గుచ్చుకుంటుందా అంటే మొదట కొంచెం, తర్వాత లేదన్నాడు. చీలమండ దగ్గర అంచు ఎట్లా పడిందో చూద్దామని వంగాను.

వాడు పటాలానికి పోయే ప్రతిసారీ నేను ఎడమ కాలికి, చీలమండ మీద, నల్లదారం పేని కడతాను. దిష్టి తగలకుండా, పోయినవాడు తిరిగి రావాలని. మూడు ముడులు వేస్తాను, ఊడిపోకూడదని గట్టిగా. రంగన్నకు కట్టలేదు. ఆ రోజుల్లో నాకు ఎవరూ చెప్పలేదు. సెలవుకు వచ్చినప్పుడు పాతది తీసి, పోయేనాడు కొత్తది కడతాను. ఈసారి ఈ లాగుల గొడవలో పాతది తీయనే లేదు.

ఇప్పుడు చూస్తే దారం ఉంది. కానీ ముడి నాది కాదు. రెండే ముడులు, అవీ మగవాళ్లు గోనెసంచికి వేసే ముడులు.

"ఓబులేసూ, ఈ దారం ఎవరు కట్టినారు?"

వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. "నేనే కట్టుకున్నా."

"నేను కట్టింది ఏమైంది?"

అప్పుడు చెప్పాడు. వేళ్లకు చలి పట్టిన రోజు బూటు విప్పితే, కాలు వాచి ఆ దారం కండలోకి దిగి ఉందట. దాని మీద మేజోడు, దాని మీద బూటు, దాని మీద బిగించి చుట్టే గుడ్డ పట్టీ. డాక్టరు కత్తెరతో కోసి పారేసి, కుడి కాలికి ఏమీ కాలేదు చూశావా అని తిట్టాడట. ఇంటికి వచ్చే ముందు రైలులో, నేను చూస్తే బాధపడతానని, కొత్త దారం కొని కట్టుకున్నాడు.

నేను పీట మీద కూర్చున్నాను. నలభై రోజుల్లో ఇరవై ఎనిమిది రోజులు కాలికి ఏం తొడగాలా అని తిరిగాను. పంచాంగం అట్ట మీద నా చేతితోనే రాసుకున్నాను, ఏదీ బిగుతు ఉండకూడదని.

"దాని వల్లనే అని ఏముంది పెద్దమ్మా," అన్నాడు వాడు. "దారం లేనోళ్లకు గూడా పట్టింది. అయ్యుండచ్చు, కాకపోవచ్చు."

"కత్తెర తీసుకురా."

"కట్టకుండా పంపిస్తావా?"

కత్తెర వచ్చింది. దారం తెంపాను. తెంపిన చోట కాలి మీద సన్నటి గీత ఉంది. దాని మీద వేలు పెట్టి రుద్దాను, పోలేదు. ఆ సాయంత్రం కొత్త నల్లదారం తొమ్మిది పేటలు తీసుకొని, బొటనవేలికి తగిలించుకొని, జానెడు పొడుగు కాదు, రెండు మూరల పొడుగు పేనాను. దాన్ని లాగు నడుముకు బొందుగా ఎక్కించాను. నడుముకు బొందు ఎట్లాగూ కావాలి. అక్కడ వాడే కట్టుకుంటాడు, వాడే విప్పుకుంటాడు.

పోయేనాడు కర్నూలు స్టేషనులో వాడు కాళ్లకు దండం పెట్టబోతే నా చెయ్యి దానంతట అదే వాడి చీలమండ దగ్గరికి పోయింది. ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రైలు కదిలింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పుష్యం గడిచింది. మాఘంలో సగం గడిచింది. ఉత్తరం లేదు. పడసాల మూలలో ఆ మొదటి లాగు నిలబడే ఉంది. దాన్ని పడుకోబెట్టినా మెల్లగా లేచేది. సోమక్క వచ్చినప్పుడల్లా "బాగుండావా అల్లుడా" అని పలకరించేది.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, టపా మోసే దాసన్న వచ్చాడు. ఉత్తరం ఇచ్చి, నీళ్లు అడిగాడు. నీళ్లిచ్చి, గడప మీద కూర్చుని చింపాను.

"పెద్దమ్మకు నమస్కారం. నేను క్షేమం. వేళ్లు రెండూ ఉన్నాయి, రోజూ పొద్దున్నే లెక్క పెట్టుకుంటున్నాను. ఇప్పటికి అరవై సార్లు పడ్డాను, సోమక్క అత్తకు చెప్పు. కొండ ఎక్కేటప్పుడు లాగు తడుస్తుంది గానీ చల్లబడదు. నాతో పాటు కడప జిల్లా అతను రామకృష్ణ అని ఉన్నాడు. అతను లోపల నూలు లాగు వేసుకున్నాడు. మొన్న అతని కుడి కాలి వేళ్లు తెల్లబడ్డాయి. నేను చంకలో పెట్టుకొని వెచ్చబెడితే రంగు వచ్చింది. అతని కాలికి కూడా దారం ఉంటే నేనే కోశాను, అతని తల్లికి నువ్వు ఒక ఉత్తరం రాసి సమాధానం చెప్పాలి. చిరునామా కింద ఉంది. ఇంకో నెల పై కొండ మీద ఉంటాం. వంతుల వారీగా నా ఒక్క లాగునే ఇద్దరం తొడుక్కుంటున్నాం, ఒకరు ఆరబెట్టుకుంటుంటే ఒకరు. ఇంకొకటి నేయించి పంపగలవా? అతను నాకంటే జానెడు పొడుగు."

రెండుసార్లు చదవలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకొని, మూలనున్న లాగును నడుము దగ్గర పట్టుకొని బయటికి వచ్చాను. కొలతకు అది చాలు, దానికి జానెడు కలిపితే సరిపోతుంది. దాసన్న ఇంకా చెంబు దించలేదు.

"ఏమ్మా, మంచి కబురేనా?" అన్నాడు.

"మంచిదే. నంద్యాల బస్సు పోయిందా?"

"ఇప్పుడే వస్తాండాది."

బస్సులో ఆ లాగును మడవడానికి కుదరక నా పక్కన నిలబెట్టాను. కండక్టరు దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఈయప్పకు గూడా టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"కొట్టప్పా. ఇద్దరం ఓర్వకల్లులో దిగుతాం," అన్నాను.

ఉరుకుందు నన్నూ, నా చంకలో ఉన్నదాన్నీ చూసి మగ్గం ఆపాడు. "గంజి లేకుండానేనా మళ్లా?"

"లేకుండానే. జానెడు పొడుగు."

"పిల్ల ఉన్ని కొంచెమే ఉండాది. ఏకాల, వడకాల. నువ్వు పోయి నాలుగు రోజులకు రా."

"నేను పోను," అని కదురు ముందుకు లాక్కున్నాను. "నేను వడుకుతా. నువ్వు పడుగు చెయ్యి."